ఆఖరి స్టాపు దగ్గర ఎర్ర చుక్క

మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, ఆఖరి బస్‌స్టాపు ఎదురుగా ఉన్న దర్జీ ఇంటి తలుపును ఇద్దరు ఆడవాళ్లు తట్టారు. మూడు వారాల్లో అది మూడోసారి. ఇద్దరూ కళాశాల విద్యార్థి సహాయ విభాగం ఉద్యోగులు. వాళ్లు వెతుకుతున్న విద్యార్థి ఆ ఇంట్లో లేరు.

దర్జీ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని బయటికి వచ్చాడు. వాళ్లను గుర్తుపట్టి రెండు స్టూళ్లు వేశాడు. కరపత్రాలు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. కిందటిసారి ఇచ్చినవి కొలతలు రాసుకోవడానికి పనికొచ్చాయని, వెనకవైపు ఏమీ అచ్చు వేయకపోవడం మంచిదైందని చెప్పాడు.

"ఈ వరుసలో పది ఇళ్లు. పదింట్లోనూ చదువుకునేవాళ్లు ఒక్కరూ లేరమ్మా. అందరికంటే చిన్నవాణ్ని నేనే. నాకు డెబ్బై ఒకటి."

వచ్చినవాళ్లలో పెద్దావిడ కౌన్సెలరు. వయసు నలభై ఆరు. రెండో ఆమె విభాగానికి మ్యాపులు తయారుచేస్తుంది. వయసు ముప్పై మూడు. కౌన్సెలరు ఆమెకు సొంత అన్నగారి భార్య. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే గదిలో పనిచేస్తారు. సమావేశాల్లో చిన్నామె పెద్దామెను మేడమ్ అంటుంది. గుమ్మం దాటగానే వదినా అంటుంది. కళాశాలలో వాళ్ల పేర్లు పలికేవాళ్లు తక్కువ. వదిన, మరదలు అంటే చాలు, తోటమాలి కూడా గది చూపిస్తాడు.

విభాగం పని ఇలా జరుగుతుంది. ప్రతి సోమవారం ఉదయం ఎనిమిదికి నాలుగు వేల వంద మంది విద్యార్థుల ఫోన్లకు తొమ్మిది ప్రశ్నలు వెళ్తాయి. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, ఈ వారం ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడారా, ఇలాంటివి. పేరు అడగరు. ఫోను నంబరు ఎక్కడా రాసిపెట్టుకోరు. ఒక ఫోను నుంచి వచ్చిన జవాబులన్నిటికీ ఒకే అంకె పడుతుంది, అంతే. ఒప్పుకున్నవాళ్ల నుంచి, జవాబు ఎక్కడి నుంచి ఇచ్చారో ఆ చోటు కూడా వస్తుంది. ఆ చోట్లు మరదలి మ్యాపు మీద చుక్కలవుతాయి. చుక్కలు గుంపుగా ఉన్నచోట విభాగం వారానికి రెండు గంటలు ఒక గది తీసుకుంటుంది. ఒక కౌన్సెలరు వెళ్లి కూర్చుంటారు.

మ్యాపు రాక ముందు ప్రధాన భవనంలో ఒక పోస్టరు ఉండేది. ఆ ఏడాది సహాయం కోసం పదకొండు మంది వచ్చారు. మ్యాపు చూసి నాలుగు చోట్ల గదులు తెరిచిన ఏడాది నూట నలభై ముగ్గురు వచ్చారు.

బతకాలని లేదన్న ఆలోచన ఈ వారంలో వచ్చిందా అన్నది తొమ్మిదో ప్రశ్న. అవునని నొక్కితే ఫోనులో అప్పటికప్పుడు సహాయం నంబరు కనిపిస్తుంది. మ్యాపు మీద చుక్క ఎర్రగా పడుతుంది. ఒకే ఫోను నుంచి మూడు వారాలు వరుసగా ఎర్ర చుక్క పడితే, ఆ ఇల్లున్న వరుసలో అన్ని గుమ్మాలకూ కరపత్రాలు పంచుతారు. ఫలానా ఇల్లని ఎవరికీ తెలియకూడదు కాబట్టి అన్నిటికీ.

2714 అంకె పడిన ఫోను నుంచి అయిదు సోమవారాలుగా ఎర్ర చుక్క వస్తోంది. అయిదు చుక్కలూ దర్జీ ఇంటి మీదే ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వదిన నడిపింది. మరదలు వెనక కుదురుగా కూర్చోలేదు. ఒకసారి వెనక్కి తిరిగి వీధి చూసింది, ఒకసారి ఫోను తీసి మ్యాపు చూసింది. వదిన రెండుసార్లు బండి ఆపి, నన్ను పడేస్తావే ఈ పూట అంది.

విభాగాధిపతిని కళాశాలలో పెన్సిలు సారు అంటారు. ఆయన ఏ కాగితం మీదా ముందు పెన్నుతో సంతకం పెట్టడు. పెన్సిలుతో పెట్టి, పైవాళ్లు ఒప్పుకున్నాక దాని మీద పెన్నుతో దిద్దుతాడు. ఆ మధ్యాహ్నం ఆయన ఇద్దరినీ పిలిచి, ఫోన్లు చోటు తప్పు చెప్పడం మామూలేనని, ఆ అయిదు చుక్కలూ తీసేసి శుక్రవారం కమిటీకి నివేదిక ఇవ్వమని చెప్పాడు. టర్ము అయిపోవడానికి ఇంకా మూడు సోమవారాలున్నాయి. తర్వాత సెలవులు. సెలవుల్లో ప్రశ్నలు వెళ్లవు.

ఫోను ఒకసారి తప్పు చెప్పవచ్చు, అయిదుసార్లు ఒకే తప్పు చెప్పదని మరదలు వాదించింది. ఇప్పుడు తీసేస్తే మూడు వారాల తర్వాత ఆ విద్యార్థి ఉన్నారో లేరో అడిగే దారి కూడా ఉండదని చెప్పింది. సారు పెన్సిలు చెవి మీద పెట్టుకుని, శుక్రవారం దాకా గడువిచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం వదిన నీళ్ల ట్యాంకు పక్కనున్న గది నుంచి వచ్చింది. ఆ గది తెరిచి అది ఎనిమిదో వారం. మ్యాపు మీద అక్కడ చుక్కలు దట్టంగా ఉన్నాయి. గదికి ఇంతవరకు ఒక్కరూ రాలేదు.

"అక్కడి ఇళ్లల్లో పిల్లలు లేరే తల్లీ. ఉన్నదల్లా రోడ్డు. గోళ్లు గిల్లుకుంటూ బస్సులు లెక్కపెట్టాను. రెండు గంటల్లో ఇరవై రెండు" అంది.

మరదలు తాగుతున్న నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టింది. లేచింది. మళ్లీ కూర్చుంది. పదహారు నెలల కిందట తాను చేసిన పని ఒకటి అప్పుడు చెప్పింది.

మ్యాపును మొదటిసారి కమిటీ ముందు పెట్టినరోజు కొన్ని చుక్కలు రోడ్డు మధ్యలో ఉన్నాయి. మన పిల్లలు నడిరోడ్డు మీద కాపురం పెట్టారా అని సభ్యుడొకరు అడిగాడు. అందరూ నవ్వారు. మరదలు ఆ సాయంత్రమే కూర్చుని కంప్యూటరుకు ఒక ఆదేశం రాసింది. రోడ్డు మీద పడిన ప్రతి చుక్కనూ దగ్గరలోని ఇంటి మీదికి జరపాలి. తర్వాతి సమావేశంలో ఎవరూ నవ్వలేదు. కొన్నాళ్లకు ఆ ఆదేశం ఉందన్న సంగతే ఆమె మరిచిపోయింది.

"అంటే దర్జీ ఇంటి మీద చుక్క పెట్టింది నువ్వు" అంది వదిన.

"నేనే."

"ఎనిమిది బుధవారాలు నన్ను ఆ ట్యాంకు కింద కూర్చోబెట్టింది?"

"అదీ నేనే, వదినా."

వదిన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చుంది. ఎంతసేపటికీ తిట్టకపోవడంతో మరదలు, ఏదో ఒకటి అనమని అడిగింది. ఇంటికెళ్లాక అంటాను, ముందు ఫైలు తియ్యి అని వదిన చెప్పింది.

జరపక ముందు చుక్కలు ఎక్కడున్నాయో చూపే ఫైలు వేరుగా ఉంటుంది. దాన్ని తెరవాలంటే సారు సంతకం కావాలి. సారు పెన్సిలుతో పెట్టాడు. కంప్యూటరు గది గుమాస్తా కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఇది చెల్లదన్నాడు. ఇద్దరూ మళ్లీ మెట్లెక్కారు. ఈసారి సారు పెన్ను తీశాడు. పైవాళ్లను అడగకుండా ఆయన పెన్ను వాడటం పదకొండేళ్లలో ఇదే మొదలని ఆఫీసులో చెప్పుకున్నారు. అది నిజమో కాదో తేలలేదు.

గురువారం ఉదయం పదింటికి ఫైలు తెరిచారు. 2714 తాలూకు అయిదు చుక్కలూ రోడ్డు మీదే ఉన్నాయి. ఏ రెండూ ఒకే చోట లేవు. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఆరు వందల మీటర్ల దూరం ఉంది. ఆ మేరంతా ఖాళీ స్థలమే, వరుసలో ముందుగా వచ్చే ఇల్లు దర్జీది. అన్నీ ఒకటీ పదమూడుకీ ఒకటీ ఇరవై ఒకటికీ మధ్య పడ్డాయి. మరదలు బస్సుల వేళల పట్టిక తెచ్చి పక్కన పెట్టింది. తొమ్మిదో నంబరు బస్సు కళాశాల స్టాపులో పన్నెండూ నలభైకి బయల్దేరుతుంది. ఆఖరి స్టాపుకు ఒకటీ పదిహేనుకు చేరుతుంది. పది నిమిషాలు ఆగి వెనక్కి తిరుగుతుంది.

"ఇది ఇల్లు కాదు వదినా. బస్సు."

మిగతా చుక్కలూ చూశారు. ఆ టర్ములో వచ్చిన పంతొమ్మిది వందల చుక్కల్లో మూడు వందల పన్నెండు రోడ్ల మీద ఉన్నాయి. అందులో రెండు వందల అరవై బస్సు దారుల్లో ఉన్నాయి. నీళ్ల ట్యాంకు దగ్గరి గుంపు మూడు బస్సులు కలిసే మలుపు.

జవాబులివ్వడానికి బస్సెక్కడమేమిటని మరదలు అడిగింది. వదినకు ఆ అనుమానం రాలేదు.

"మరి ఇంట్లో ఎక్కడ కూర్చుని నొక్కుతారు అవునని? పక్కన చెల్లెలుంటుంది, వెనకనుంచి అమ్మ తొంగిచూస్తుంది. హాస్టల్లో గదికి నలుగురు. నీ సంగతే చూసుకో. ఫోనొస్తే మేడమెట్ల మీదికి పరుగెత్తవూ?"

మరదలు బస్సుల పట్టిక మడిచి సంచిలో పెట్టుకుంది.

శుక్రవారం కమిటీకి ముందు సారు ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక్క మాట అడిగాడు.

"మీరెవరో అడగం, వెతకం అని ప్రతి సోమవారం రాసిస్తున్నాం. ఇప్పుడు బస్సెక్కి ఒకళ్లని పట్టుకుంటే ఆ మాట ఏమైపోవాలి? ఆ పై సోమవారం నాలుగు వేల మందీ ఫోను పక్కన పడేస్తారు. అదీ ఆలోచించండమ్మా."

ఆయన చెప్పింది నిజమేనని వదిన ఒప్పుకుంది. బస్సెక్కుతామని, ఎవరినీ వెతకమని, బ్యాడ్జీ పెట్టుకుని కూర్చుంటామని చెప్పింది. సారు సరేనన్నాడు. మరదలు ఆ సాయంత్రం పాత ఆదేశాన్ని తీసేసింది. చుక్కలు మళ్లీ రోడ్డెక్కాయి.

సోమవారం పన్నెండూ నలభైకి ఇద్దరూ తొమ్మిదో నంబరు బస్సెక్కారు. బ్యాడ్జీలు చూసి కండక్టరు నిటారుగా నిలబడ్డాడు. చెకింగా అని అడిగాడు. కాదని చెప్పినా నమ్మక, ఎవరికి టిక్కెట్టు లేదో మళ్లీ ఒకసారి బస్సంతా చూసుకుని వచ్చాడు. విద్యార్థుల సంగతి అడిగితే చెప్పాడు. నలుగురైదుగురు సోమవారాల్లో ఆఖరి స్టాపు దాకా వస్తారు, దిగరు, అదే బస్సులో వెనక్కి పోతారు. మొదట్లో ప్రేమ వ్యవహారమనుకున్నాడు. తర్వాత చూస్తే ఎవరి కిటికీ వాళ్లదే, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోరు.

ఆ రోజు బస్సులో వాళ్లిద్దరూ కాక పద్నాలుగు మంది ప్రయాణికులున్నారు. వాళ్లలో నలుగురు విద్యార్థులు. వదిన డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. మరదలు చిట్టచివరి సీటులో కూర్చుంది. సంచిలో ట్యాబ్ తెచ్చిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒంటిగంటకు దాన్ని తెరిచింది.

ఒకటీ పద్నాలుగుకు చుక్క పడింది. అంకె 2714. రంగు ఎరుపు. చోటు, బస్సు పోతున్న రోడ్డు.

మరదలు తలెత్తింది. విద్యార్థుల్లో ఇద్దరి చేతుల్లో ఫోన్లు లేవు. ఒకరు నిద్రపోతున్నారు. నాలుగో విద్యార్థి, కుడివైపు మూడో కిటికీ దగ్గర, అప్పుడే ఫోను సంచిలో పెట్టుకుంటున్నారు. మరదలు లేచి నిలబడింది. వదిన ముందు నుంచి చూసి, కడ్డీలు పట్టుకుంటూ వెనక్కి వచ్చింది. పక్కన కూర్చుని ట్యాబ్ మీద చెయ్యి పెట్టింది.

"ఏంటిది?"

"ఇప్పుడే పడింది. ఈ బస్సులోనే ఉన్నారు. వదినా, నాకు దాదాపు తెలిసిపోయింది."

"మూసెయ్. అటు చూడకు."

"ఆరు వారాలు. నా మూలంగా ఆరు వారాలు ఎవరూ..."

"తెలుసు. మూసెయ్ అమ్మాయ్. నువ్వెళ్లి భుజం తడితే ఆ ప్రశ్నకి ఇక నిజం చెప్పరు. మనకే కాదు, ఎవరికీ చెప్పరు. వస్తే తనంతట తను రావాలి."

మరదలు ట్యాబ్ సంచిలో పెట్టి జిప్పు లాగింది. మళ్లీ తెరిచింది. మళ్లీ లాగింది.

ఆఖరి స్టాపులో డ్రైవరు ఇంజను ఆపాడు. పది మంది దిగారు. విద్యార్థులు దిగలేదు. కొత్తగా ముగ్గురు ఎక్కారు. వదిన ముందు సీటు దగ్గర నిలబడి, కండక్టరుతో మాట్లాడినంత గొంతుతోనే అందరికీ చెప్పింది.

"నేను కాలేజీ సహాయ విభాగంలో పనిచేస్తాను. ఈ టర్ములో మిగిలిన సోమవారాలు ఇదే బస్సులో, ఈ సీటులోనే ఉంటాను. పక్క సీటు ఖాళీగా ఉంచుతాను. పేరు అడగను. ఊరికే కూర్చున్నా సరే."

విద్యార్థులు నలుగురూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు. అప్పుడే ఎక్కిన ముసలావిడ ఒకామె, తనకు మోకాళ్ల నొప్పులని, ఆ ఖాళీ సీటులో కూర్చోవచ్చా అని అడిగింది. వదిన కూర్చోమంది. కళాశాల స్టాపు వచ్చేదాకా ఆవిడ తన కోడలు ఎన్ని రకాలుగా తలుపులు ధడాలున వేస్తుందో చెప్పింది. మరదలు వెనక సీటులో ఆ ముప్పై అయిదు నిమిషాల్లో రెండు టిక్కెట్లను ముక్కలు ముక్కలుగా చింపింది. నలుగురు విద్యార్థులూ కళాశాల స్టాపులో దిగి వెళ్లిపోయారు.

రెండో సోమవారం బస్సులో విద్యార్థులు ముగ్గురే ఉన్నారు. కుడివైపు మూడో కిటికీ దగ్గర గోనెసంచి పెట్టుకుని ఎవరో మేస్త్రీ కూర్చున్నాడు. వదిన పక్క సీటు రాకపోకలు రెండిట్లోనూ ఖాళీగానే ఉంది. ఆ రోజు అర్ధరాత్రితో ప్రశ్నలకు గడువు ముగిసింది. 2714 నుంచి జవాబు రాలేదు.

అది బాగుపడటమో మరొకటో చెప్పే దారి లేదు. ఎవరినైనా అడగడానికి పేరు లేదు. మంగళవారం నుంచి మరదలు రోజూ గేటు దగ్గర ఆగి, అంతా బాగానే ఉందా అని వాచ్‌మన్‌ను అడిగింది. గురువారం అతను, మీరిట్లా రోజూ అడుగుతుంటే నాకే ఏదోలా ఉందమ్మా అన్నాడు. ఇంట్లో కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. అన్నగారు రెండు ముద్దలు తిని, ఈ ఇంట్లో నా మీద ఎవరికైనా కోపమా అని అడిగాడు. వదిన పెరుగు గిన్నె ఆయన ముందుకు జరిపింది. శనివారం సాయంత్రం మరదలు, బస్సెక్కిన మొదటి సోమవారమే తాను లేచి వెళ్లి పలకరించి ఉండాల్సిందని వదినతో అంది. వదిన సోమవారానికి బ్యాడ్జీ తీసి సంచిలో పెట్టుకుంది.

మూడో సోమవారం టర్ముకు ఆఖరిది. వదిన ఒక్కతే బస్సెక్కింది.

"నువ్వొద్దు. నువ్వు కాలుగాలిన పిల్లిలా ఉంటే ఆ బస్సులో కుదురుగా ఎవరు కూర్చుంటారు?"

మరదలు ఆఫీసు గదిలో కంప్యూటరు తెర ముందు కూర్చుంది. సారు పన్నెండున్నరకు ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి గదిలోకి వచ్చి, ఏదో వెతుకుతున్నట్టు బీరువా తెరిచి, ఏమీ తీసుకోకుండా వెళ్లాడు.

ఒకటీ పన్నెండుకు చుక్క పడింది. అంకె 2714. రంగు ఎరుపు. తొమ్మిదో నంబరు బస్సు దారి.

ఒకటీ పదమూడుకు మరదలు వదిన నంబరు నొక్కి, మోగక ముందే ఆపేసింది. ఒకటీ ఇరవైకి మళ్లీ నొక్కింది. రెండుసార్లు మోగాక అవతల కట్ చేశారు. ఒకటీ ఇరవై అయిదుకు బస్సు ఆఖరి స్టాపు నుంచి కదలాలి. మరదలు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. సారు మూడోసారి వచ్చి, ఈసారి బీరువా తెరవకుండా కుర్చీలో కూర్చున్నాడు.

రెండు గంటల రెండు నిమిషాలకు వదిన నుంచి మెసేజి వచ్చింది.

"కాలేజీ స్టాపులో దిగాం. ఇద్దరం. డాక్టరమ్మ దగ్గరికి నడుస్తున్నాం. ఫోను చెయ్యకు. కిందికి రాకు."

మరదలు దాన్ని సారుకు చూపించింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"అదే విద్యార్థా?"

"తెలియదు సార్."

స్టాపు నుంచి కళాశాల వైద్యశాలకు వెళ్లే దారి ఆ గది కిటికీలోంచి కనిపిస్తుంది. మరదలు లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. బయటికి చూడకుండా తెర దించింది. వచ్చి కూర్చుంది.

రెండు గంటల తొమ్మిది నిమిషాలకు వైద్యశాల రిజిస్టరులో ఒక విద్యార్థి తన పేరు రాశారు.